రబ్బరుతో రుద్దితే నడిచిన కంప్యూటర్లు: సరదా తగ్గిందా, తాళం పడిందా?

నలభై దాటిన కంప్యూటర్ మనుషులు నలుగురు ఒకచోట చేరితే పది నిమిషాల్లో ఈ మాట వచ్చి తీరుతుంది: "ఇప్పటి సిస్టమ్స్‌లో ఏముందండీ, ఆ రోజుల్లో కంప్యూటరంటే ఆ సరదాయే వేరు." శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్స్ చెప్పే నాకు ఈ మాట స్టాఫ్ రూములో ఒక రకంగా, రిపేరు షాపులో ఇంకో రకంగా వినిపిస్తుంది. క్లాసులో పిల్లలకు మాత్రం ఇది తాతల కబురు. వాళ్ల జేబులో ఉన్న ఫోను 1980ల నాటి సూపర్ కంప్యూటర్ కన్నా వేగంగా లెక్కలు చేస్తుంది. మరి తగ్గిందేమిటి?

అవునని గానీ కాదని గానీ ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లను నేను పెద్దగా నమ్మను. ఈ ఫిర్యాదులో వేర్వేరు సంగతులు ఒకదానికొకటి చిక్కుపడిపోయి ఉన్నాయి. కొన్ని నిజంగానే పోయాయి. కొన్ని పోవడమే మంచిదైంది. కొన్ని మాత్రం వాటంతటవి పోలేదు, మన చేతిలోంచి తీసేసుకున్నారు. వీటిని విడదీయకుండా వాదించుకుంటే తెల్లారుతుంది తప్ప తేలేదేమీ ఉండదు.

వాళ్ల జ్ఞాపకం, మన జ్ఞాపకం

సరదా పోయిందనే వాదన ముందు పుట్టింది అమెరికా, ఇంగ్లండుల్లో. అక్కడివాళ్ల జ్ఞాపకాలు 1977 దగ్గర మొదలవుతాయి. ఆ ఏడాది వచ్చిన యాపిల్-2 మూత చేత్తో లేపితే వచ్చేసేది. లోపల అదనపు కార్డులు గుచ్చుకోడానికి ఎనిమిది స్లాట్లు ఉండేవి. 1981 చివర్లో ఇంగ్లండులో బీబీసీ మైక్రో, మరుసటి ఏడాది సింక్లెయిర్ స్పెక్ట్రమ్, అమెరికాలో కమొడోర్ 64 వచ్చాయి. వీటన్నిటికీ ఉమ్మడి గుణం ఒకటుంది. స్విచ్ వేస్తే చాలు, బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష సిద్ధంగా ఉండేది. ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. ఒక లైను కొట్టి ఎంటర్ నొక్కితే యంత్రం అక్కడికక్కడే చేసి చూపించేది, తప్పు రాస్తే మొహం మీదే చెప్పేది. ఆట ఆడుకుందామని కూర్చున్న పిల్లవాడు కూడా దాన్ని లోడ్ చెయ్యడానికి ఒక ఆదేశం టైపు చేయాల్సిందే. వాడుకునేవాళ్లు, ప్రోగ్రాములు రాసేవాళ్లు అని రెండు జాతులుగా మనుషులు ఇంకా విడిపోలేదు.

1981 ఆగస్టులో పీసీ తెచ్చిన ఐబీఎం దానికి టెక్నికల్ రిఫరెన్స్ మాన్యువల్ కూడా అమ్మింది. అందులో సర్క్యూట్ పటాలతో పాటు, స్విచ్ వేయగానే యంత్రాన్ని లేపే బయోస్ ప్రోగ్రామును మొత్తం లైను లైనుగా అచ్చువేసింది. ఇవాళ లాప్‌టాప్ కొని షోరూములో అలాంటి పుస్తకం ఉందా అని అడిగి చూడండి, మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు.

ఆ రోజులు మనకు రాలేదు. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టి కొన్ని వందల పాఠశాలలకు బీబీసీ మైక్రోలు పంపింది గానీ, ఇంత దేశానికి అది సముద్రంలో కాకిరెట్ట. ఉత్తరాంధ్రలో మామూలు ఇంటి పిల్లలు కంప్యూటర్‌ని దగ్గరగా చూసింది 1990లలో, అదీ ఏదో ఇన్‌స్టిట్యూట్‌లో. చెప్పులు బయట విప్పాలి. లోపల ఏసీ. ఇద్దరికో ముగ్గురికో ఒక సిస్టమ్. డీసీఏ, పీజీడీసీఏ సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్లకి విండోస్‌కి ముందరి ఆపరేటింగ్ సిస్టమ్ డాస్, ఆపైన వర్డ్‌స్టార్, లోటస్, ఫాక్స్‌ప్రో వరసగా చెప్పేవారు. ముట్టుకుంటే ఏమైపోతుందోనని టెన్షన్ పడే చోట సరదా ఎక్కడిది? మంచం పక్కన కమొడోర్ పెట్టుకుని పెరిగిన మనిషి జ్ఞాపకాన్ని మనం అరువు తెచ్చుకుని బాధపడటం నాకు కాస్త వింతగానే ఉంటుంది.

అలాగని మనకు మంచి కాలం రాలేదని కాదు. ఆలస్యంగా వచ్చింది, వేరే రూపంలో వచ్చింది. దాని పేరు అసెంబుల్డ్ పీసీ.

1990ల చివరి నుంచి ఓ పదేళ్లు శ్రీకాకుళం, విజయనగరాల్లో ఇంటికో ఆఫీసుకో కంప్యూటర్ వచ్చిందంటే ఎక్కువగా అది బిగించిన పెట్టే. బ్రాండెడ్ సిస్టమ్ కొనే స్తోమత తక్కువమందికి ఉండేది. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ అనే మెమరీ పలక, హార్డ్ డిస్క్, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ విడివిడిగా వైజాగ్ నుంచో సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచో తెప్పించి షాపులో బిగించి ఇచ్చేవారు. విండోస్ సీడీ సంగతి అడక్కండి, అది షాపువాడి కానుక. ఎండాకాలం వస్తే కేబినెట్ పక్క రేకు తీసేసి టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పడం ప్రతి ఇంట్లో ఉన్నదే. ఆ రేకు ఒకసారి తీశాక మళ్లీ బిగించినవాళ్లు అరుదు. దాంతో లోపల ఏముందో ఇంటిల్లిపాదికీ కనిపిస్తూ ఉండేది.

ఉన్నట్టుండి సిస్టమ్ ఆన్ కాదు. ఫ్యాన్ తిరుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. షాపుకి ఫోన్ చేస్తే అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న: "ముందు ర్యామ్ తీసి రుద్దినావేటి బావూ?" కరెంటు ప్లగ్గు పీకి, రెండు చివర్లా ఉన్న తెల్లటి క్లిప్పులు నొక్కితే ర్యామ్ పైకి లేస్తుంది. కింది అంచున వరసగా బంగారు రంగు పళ్లు. పిల్లల కంపాస్ బాక్సులోంచి రబ్బరు తెచ్చి ఆ పళ్లను రెండు వైపులా మెల్లగా రుద్ది, ఊది, మళ్లీ స్లాట్‌లో పెట్టి టక్ అని వినపడేదాకా నొక్కాలి. స్విచ్ వేస్తే చిన్న బీప్ ఒకటి వినిపించి తెర వెలిగేది.

దీంట్లో మంత్రం లేదు. ఆ పళ్ల మీద బంగారు పూత చాలా పల్చన. మన కోస్తా ఉప్పుగాలికి, తేమకి, దుమ్ముకి దాని మీద సన్నటి పొర పేరుకుంటుంది, లోహానికీ లోహానికీ మధ్య కరెంటు సరిగా పారదు. రబ్బరు ఆ పొరను తీసేస్తుంది. నిజం చెప్పాలంటే ఊడదీసి మళ్లీ గుచ్చడంలోనే సగం పని అయిపోతుంది, ఎక్కువ రుద్దితే ఉన్న పూత కూడా పోతుంది. ఆ మాట అప్పట్లో ఎవరికి చెప్పినా వినేవారు కారు.

బీప్‌లకూ అర్థాలుండేవి. అవార్డ్ బయోస్ ఉన్న బోర్డులో ఆగి ఆగి పొడవుగా కూస్తే ర్యామ్ తేడా. ఒకటి పొడవు, రెండు పొట్టి కూస్తే డిస్‌ప్లే కార్డు. ఇంకాస్త ధైర్యం ఉన్నవాళ్లు 1998 నాటి సెలెరాన్ 300ఏ తెచ్చి, ప్రాసెసర్‌ని మిగతా బోర్డుతో కలిపే బస్ అనే దారి వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మార్చి, 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌ని 450లో పరిగెత్తించేవాళ్లు. కొన్నది ఒకటి, నడిపింది ఇంకొకటి. కంపెనీకి తెలియకుండా మిగుల్చుకున్న ఆ 150 ఇచ్చిన ఆనందం, లక్ష రూపాయల లాప్‌టాప్ కొన్నవాళ్ల మొహాల్లో నాకు కనిపించదు.

ఈ ఆనందం ఎందులో ఉందో చూడండి. నేను ఒక పని చేశాను, యంత్రం జవాబిచ్చింది, ఆ జవాబు ఎందుకొచ్చిందో నాకు తెలుసు. మొదటి రెండూ ఇవాళ్టి కంప్యూటర్లో ఇంకా బాగా ఉన్నాయి. మూడోది జారిపోయింది. అదెలా జారిపోయిందో చూడాలంటే మూత పక్కన పెట్టి ప్రోగ్రాముల్లోకి దిగాలి.

తెర మీద ఒక అక్షరం

మన కాలేజీ ల్యాబుల్లో ఇవాళ్టికీ, సీ భాషలో ప్రోగ్రాములు రాసే టర్బో సీ నీలం తెర కనిపిస్తుంది. 1990ల తొలినాళ్ల సాఫ్ట్‌వేర్ అది. ఇప్పటి 64 బిట్ విండోస్ దాన్ని నేరుగా నడపలేదు కాబట్టి, పాత పీసీని అనుకరించే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాములో పెట్టి నడుపుతారు. దీని మీద విమర్శలు చాలానే ఉన్నాయి, నేనూ చేస్తాను. కానీ ఆ పాత పెట్టెలో ఒక పాఠం దాగి ఉంది.

డాస్ కాలపు పీసీలో తెర అంటే 80 నిలువు వరసలు, 25 అడ్డు వరసలు. అంటే 2,000 గళ్లు. ఒక్కో గడికి మెమరీలో రెండు బైట్లు. ఒకటి అక్షరం, రెండోది రంగు. ఈ 4,000 బైట్లు బీ8000 అనే చిరునామా నుంచి మొదలవుతాయి. అంతే. ప్రింట్ ఆదేశం కూడా అక్కర్లేదు. ఆ చిరునామాలో నేరుగా 65 అని రాస్తే తెర ఎడమవైపు పైమూలన 'ఏ' అక్షరం వెలుగుతుంది. పక్క బైటులో 4 పెడితే ఎర్రబడుతుంది. ఆ 4కి 128 కలిపి 132 పెడితే మిణుకుమిణుకుమంటుంది. ఆ గడిలోంచి 65 తీసేసి 66 పెడితే మరుక్షణం 'బీ'. మొదటిసారి ఇది చేసి చూపించినప్పుడు, అప్పటిదాకా ఫోన్ కిందపెట్టని పిల్లలు కూడా తలెత్తుతారు. మెమరీలో అంకె మారితే తెర మారింది. మధ్యలో ఎవరూ లేరు.

ఇవాళ అదే 'ఏ' అక్షరం బ్రౌజర్లో కనపడాలంటే? కీబోర్డులోనే ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది. అది యూఎస్‌బీ ద్వారా ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెబుతుంది. సిస్టమ్ ఏ కిటికీ ముందుందో చూసి ఆ ప్రోగ్రాముకి అందిస్తుంది. బ్రౌజర్ పేజీని లెక్కగట్టి, ఫాంటులోంచి అక్షరం ఆకారం తీసి, గ్రాఫిక్స్ చిప్‌కి పంపుతుంది. కిటికీలన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి తుది బొమ్మ తయారుచేసే కంపోజిటర్ అనే భాగం ఇంకోటుంది. ఆ తర్వాత మానిటర్. ఈ దారి ఎంత పొడవంటే, 2017లో డాన్ లూ అనే ఇంజనీరు కీ నొక్కినప్పటి నుంచి తెర మీద అక్షరం పడేదాకా పట్టే సమయాన్ని రకరకాల యంత్రాల్లో కొలిచి చూస్తే 1983 నాటి యాపిల్-2ఈకి 30 మిల్లీసెకన్లు పట్టింది, కొన్ని కొత్త కంప్యూటర్లకు 100 దాటింది. "పాత సిస్టమ్ చేతికి చురుగ్గా ఉండేదండీ" అనేవాళ్లది పూర్తిగా భ్రమ కాదన్నమాట.

యంత్రం ఎంత పెరిగిందో చూస్తే భయం వేస్తుంది. యాపిల్-2లోని 6502 ప్రాసెసర్లో ట్రాన్సిస్టర్లు సుమారు 3,500. 2020లో యాపిల్ తెచ్చిన ఎం1 చిప్‌లో 1,600 కోట్లు. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ 1991లో మొదట వచ్చినప్పుడు దాదాపు పదివేల లైన్లు. ఓపిక ఉంటే ఒక వేసవి సెలవుల్లో మొత్తం చదివెయ్యొచ్చు. ఇప్పుడు మూడు కోట్ల లైన్లు దాటింది. దాన్ని పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్‌ కూడా మొత్తం తలలో పెట్టుకుని తిరగలేడు.

ఇక్కడే పాత రోజుల అభిమానులు తొందరపడతారు. "చూశారా, చెడగొట్టారు" అంటారు. చెడగొట్టలేదు. చాలావరకు మనమే అడిగి తెచ్చుకున్నాం.

ఏ ప్రోగ్రామైనా బీ8000లో రాయగలగడం అంటే, ఏ ప్రోగ్రామైనా ఎక్కడైనా రాయగలగడమే. నా ప్రోగ్రాములో మెమరీ చిరునామా చూపించే పాయింటర్ ఒకటి దారి తప్పితే మొత్తం సిస్టమ్ బిగుసుకుపోయేది. విండోస్ 98లో నీలం తెర వచ్చి సగం టైపు చేసిన ఫైలు పోగొట్టుకోనివాళ్లు ఆ తరంలో ఉండరు. ప్రతి ప్రోగ్రామునీ దాని గదిలో దాన్ని ఉంచి పక్కవాటి మెమరీ ముట్టుకోకుండా చూసే ఏర్పాటు 1985 నాటి 386 ప్రాసెసర్లోనే ఉంది. ఇళ్లలో వాడే విండోస్‌కి అది పూర్తిగా అందింది 2001లో ఎక్స్‌పీతో. దాంతో బీ8000 తలుపు మూసుకుపోయింది, నీలం తెరలూ తగ్గాయి.

తలుపులు బార్లా తెరిచి ఉంచితే ఎవరొస్తారో కూడా మనం చూశాం. ఇంటర్నెట్ సెంటర్లో పెన్‌డ్రైవ్ పెట్టి ఇంటికొస్తే ప్రతి ఫోల్డర్లోనూ 'న్యూ ఫోల్డర్ డాట్ ఈఎక్స్ఈ' అనే ఇంకో ఫోల్డర్ పుట్టేది. బొమ్మకి ఫోల్డరే, లోపల వైరస్. ఎవరు ఏమడిగినా కాదనని యంత్రం కుతూహలం ఉన్న పిల్లలకు ఎంత సరదానో, వైరస్ రాసేవాళ్లకీ అంతే సరదా.

రెండో సంగతి ఇంతకన్నా పెద్దది. దీన్ని ఇంగ్లిషువాళ్ల వ్యాసాల్లో చదవం, ఎందుకంటే వాళ్లకు ఆ ఇబ్బంది లేదు. ఆ 2,000 గళ్లలో తెలుగుకు చోటు లేదు. అక్షరానికి ఒక బైటు, అంటే 256 ఆకారాలు, ఒక్కోదానికి ఒకే వెడల్పు గడి. 'స్త్రీ' అని రాయాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అని ఆరు సంకేతాలు కలిసి ఒక ఆకారం కావాలి, ఒత్తులు కిందికీ పక్కకీ దిగాలి. ఇరుకు గడిలో అది పట్టదు. తలలో పట్టేంత చిన్నదిగా ఆ యంత్రం ఉండటానికి ఒక కారణం, దానికి ఇంగ్లిషు తప్ప ఇంకేమీ రాకపోవడం. డాస్‌లో తెలుగు కావాలంటే జిస్ట్ కార్డు అని విడిగా ఒక హార్డ్‌వేరే గుచ్చాల్సి వచ్చేది.

ఆ తర్వాత డీటీపీ సెంటర్లకు అను ఫాంట్లు వచ్చాయి. పెళ్లికార్డులు, కరపత్రాలు, జాతర పోస్టర్లు వాటిలోనే తయారయ్యాయి, ఇప్పటికీ చాలాచోట్ల అంతే. కానీ ఆ పద్ధతి ఏమిటంటే, ఇంగ్లిషు అక్షరాల సంకేతాల మీద తెలుగు బొమ్మలు తొడగడం. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే పిచ్చి గీతలు, చుక్కలు, పౌండు గుర్తులు. వెతకడానికి లేదు, అకారాదిగా పేర్చడానికి లేదు. ప్రపంచ భాషల అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, విండోస్‌లో గౌతమి ఫాంటుతో తెలుగు రావడానికి ఎక్స్‌పీ దాకా ఆగాం. తెర మీద ఇప్పుడు మీరు చదువుతున్న ప్రతి ఒత్తునూ కూర్చడానికి షేపింగ్ ఇంజిన్ అని ఒక పొర పనిచేస్తోంది. లోతు పెరిగిందని వాపోయే ముందు తెలుగువాళ్లు ఈ పొరను గుర్తుపెట్టుకోవాలి. నాకైతే ఏ మెసేజీలోనైనా నేరుగా తెలుగు కొట్టగలగడం, ర్యామ్ రుద్దడం కన్నా చాలా పెద్ద సరదా.

లోతు వేరు, తాళం వేరు

ఇంతవరకు చెప్పిందంతా లోతు గురించి. యంత్రం పెద్దదైంది, మన తలలో పట్టదు. ఇది నష్టమే, కానీ దాని బదులు ఏదో ఒకటి చేతికొచ్చింది. ఇక చెప్పేది తాళం గురించి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల కంపెనీలకు మేలు జరుగుతోంది. "టెక్నాలజీ పెరిగింది కదండీ, అంతే" అని తాళాన్ని కూడా లోతు ఖాతాలో రాసేస్తున్నారు.

ర్యామ్ సంగతే తీసుకోండి. కొత్త సన్న లాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తున్నారు. రుద్దడానికి లేదు, మార్చడానికి లేదు, పెంచడానికి లేదు. దీనికి ఇంజనీరింగ్ కారణం నిజంగానే ఉంది. తక్కువ కరెంటుతో ఎక్కువ వేగం ఇచ్చే ఎల్‌పీడీడీఆర్ మెమరీకి ప్రాసెసర్‌తో దూరం పెరిగేకొద్దీ సంకేతం చెదిరిపోతుంది. పాత రకం స్లాటు పెడితే ఆ వేగం రాదు. సరే, ఒప్పుకుందాం. అయితే 2023 డిసెంబరులో జెడెక్ అనే ప్రమాణాల సంస్థ క్యామ్2 అనే కొత్త అమరికను ఖరారు చేసింది. స్క్రూలతో బిగించే పలక అది, ఆ వేగాన్నీ తట్టుకుంటుంది. 2024లో లెనోవో ఒక థింక్‌ప్యాడ్‌లో దాన్ని పెట్టి అమ్మింది కూడా. దారి ఉందని తేలిపోయింది. ఇకమీదట అతికించడం కొనసాగితే అందులో ఇంజనీరింగ్ ఎంత, రేపు ఇంకో లాప్‌టాప్ అమ్ముకునే ఆశ ఎంత అని అడిగే హక్కు మనకుంది.

విండోస్ 11 ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2021 అక్టోబరులో వచ్చినప్పుడు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలన్నారు. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే కుదురుతుందన్నారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. దాంతో చక్కగా నడుస్తున్న లాప్‌టాప్‌లు ఒక్క తేదీతో పాతవైపోయాయి. వాటిలో ఏ భాగమూ అరిగిపోలేదు. మామూలు పద్ధతిలో కొత్త సిస్టమ్ సెటప్ చేస్తుంటే కంపెనీ అకౌంటు అడుగుతుంది. స్టార్ట్ మెనూలో మనం పెట్టని యాప్‌లు కనిపిస్తాయి. ప్రాక్టికల్ ఎగ్జామ్ రోజు ల్యాబులో పది సిస్టమ్‌లు ఒకేసారి "అప్‌డేట్ అవుతోంది, ఆఫ్ చేయకండి" అని కూర్చుంటే ఇన్విజిలేటర్ పడే అవస్థ పగవాళ్లకు కూడా వద్దు. డబ్బు పెట్టి కొన్నది మనమే అయినా సొంత ఇంట్లో అద్దెకున్నట్టుంటుంది.

భద్రతా చిప్ వల్ల లాభం లేదని నేననడం లేదు. దొంగ చేతికి చిక్కిన లాప్‌టాప్‌లోంచి బ్యాంకు వివరాలు పోకుండా కాపాడేది అదే. నా అభ్యంతరం తాళం ఉన్నందుకు కాదు, తాళంచెవి ఎవరి దగ్గరుంది అన్నదాని మీద. నమ్మదగిన సంతకం ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌నే మొదలవ్వనిచ్చే సెక్యూర్ బూట్‌నే చూడండి. చాలా పీసీల్లో బయోస్‌లోకి వెళ్లి దాన్ని మనమే ఆపుకోవచ్చు, వేరే సిస్టమ్ వేసుకోవచ్చు. అందుకే పీసీ ఇప్పటికీ మిగతావాటికన్నా మెరుగు.

ఇక్కడ ఇంకో మాట. పాత రోజుల సరదాలో కొంత అసలు కంప్యూటర్‌ది కాదు. ఇరవై ఏళ్ల వయసుది, రాత్రంతా మేలుకునే స్నేహితులది, వీధి మొత్తానికి ఒకే సిస్టమ్ ఉండటం వల్ల వచ్చిన గొప్పది. ఆ లెక్క తీసేశాక మిగిలిందే మనం వాదించుకోవాల్సింది. చాలామంది అది తీసేయరు.

వేరే పెట్టెల్లోకి వెళ్లిన సరదా

2000ల మధ్యలో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఎబెన్ అప్టన్ అనే ఆయన ఒక మార్పు గమనించాడు. కంప్యూటర్ సైన్స్‌కి దరఖాస్తు చేసే పిల్లలు తగ్గుతున్నారు, వచ్చినవాళ్లకు కూడా అంతకుముందు తరంలా సొంతంగా ప్రోగ్రాములు రాసి తిప్పలు పడిన అనుభవం లేదు. స్పెక్ట్రమ్, బీబీసీ మైక్రో లాంటి యంత్రాలు ఇళ్లలోంచి మాయమవడమే కారణమని అతను తేల్చుకున్నాడు. ఆ ఆలోచనే 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్ల రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ అయింది. పిల్లలు పాడుచేసినా పెద్దలు తిట్టనంత చవకగా ఉండాలన్నదే దాని వెనక లెక్క.

మన దగ్గర ఇంజనీరింగ్ కాలేజీల్లో దానికన్నా ఎక్కువగా కనిపించేవి ఆర్డ్యునో, ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డులు. ఈఎస్‌పీ32 నాలుగైదు వందలకు దొరుకుతుంది. వేగం 240 మెగాహెర్ట్జ్, అంటే కమొడోర్ 64కి రెండు వందల రెట్లకు పైనే. పొలంలో మోటారుని ఫోన్‌తో ఆన్ చేసే ప్రాజెక్టు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు చేస్తారు, చూసి చూసి లెక్చరర్లకు విసుగు. కానీ మోటారుకి స్విచ్‌లా పనిచేసే రిలే మొదటిసారి టక్‌మన్నప్పుడు ఆ పిల్లలకు విసుగుండదు. ఆ బోర్డులో ఒక నిర్ణీత చిరునామాలో ఒక అంకె రాస్తే బోర్డు కాళ్లలో (పిన్నుల్లో) ఒకదానికి కరెంటు వస్తుంది, ఎల్‌ఈడీ వెలుగుతుంది. అచ్చంగా బీ8000 ఆటే. వందల పేజీల మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది, ప్రతి చిరునామా అందులో ఉంటుంది. వైఫై నడిపే భాగం మాత్రం మూసిన పెట్టే, దాని లోపలి కోడ్ కంపెనీ ఇవ్వదు. అంత చిన్నదానిలోనూ ఒక గదికి తాళం ఉంది.

కొందరు కావాలనే గిరి గీసుకుంటున్నారు. 2015లో వచ్చిన పికో-8 అనేది లోకంలో లేని ఊహా గేమ్ యంత్రం. 128 బై 128 చుక్కల తెర, 16 రంగులు, అంతకుమించి ఇవ్వదు. ప్రోగ్రాము కూడా ఒక హద్దు దాటి రాయలేం. లక్షల రంగులున్న కంప్యూటర్ మీద కూర్చుని పదహారింటితో ఆటలు అల్లేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారంటే, మనిషికి కావలసింది పాత ఇనుము కాదని, తలలో పట్టే పరిమాణమని అర్థమవుతుంది.

ఏఐకి చెప్పి కోడ్ రాయించుకునే పిల్లల గురించి కూడా అడుగుతారు. అనుకున్నది కళ్లముందు కనపడే సరదా వాళ్లకు మా తరం కన్నా చాలా త్వరగా దొరుకుతోంది. అది ఎందుకలా పనిచేసిందో తెలిసే సరదా దొరుకుతోందా అంటే, అడిగి చదువుకునేవాళ్లకు దొరుకుతోంది, కాపీ కొట్టి సబ్మిట్ చేసేవాళ్లకు లేదు. రికార్డులు చూసి రాసుకునే కాలంలోనూ ఈ రెండు రకాలూ ఉన్నారు.

పీసీలో ఆ పాత బేసిక్ తెర కూడా పూర్తిగా పోలేదు, ఎదురుగదిలోంచి పెరటిగదిలోకి మారింది. ఇప్పుడే మీ కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి ఎఫ్12 నొక్కండి. కన్సోల్ అనే చోట ఏ లెక్క కొట్టినా జవాబు చెబుతుంది. ఏ పేజీలోని ఏ రంగునైనా మార్చి చూడొచ్చు, పేజీ రీలోడ్ చేస్తే మళ్లీ మామూలే. విండోస్ 11 వద్దన్న ఆ లాప్‌టాప్‌ని పారేసే ముందు లినక్స్ వేసి చూడండి. ర్యామ్ స్లాటు ఉంటే ఇంకో నాలుగు జీబీ గుచ్చండి. ఇంకొన్నేళ్లు హాయిగా నడుస్తుంది, పైగా మూత తీసుకోవచ్చు.

నా దిగులు అసలు పీసీ గురించి కాదు. మా జిల్లాల్లో పిల్లల మొదటి కంప్యూటర్ ఇప్పుడు ఫోను, లేకపోతే ట్యాబ్. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది, పాఠాలు తప్ప వేరేవి తెరుచుకోకుండా కట్టడి చేసి. తల్లిదండ్రుల భయం దృష్ట్యా అది సబబే కావచ్చు. కానీ వాటిలో పాఠం చూడొచ్చు గానీ ప్రోగ్రాము రాసి చూడటానికి చోటు ఉండదు. ఐఫోన్లో మొదటి నుంచీ యాపిల్ ఒప్పుకున్న యాప్‌లే. ఆండ్రాయిడ్ కొంత నయం. టెర్మక్స్ అనే యాప్ వేసుకుంటే ఫోన్లోనే పైథాన్ భాషలో రాసిన ప్రోగ్రాములు నడుస్తాయి, సొంతంగా తయారుచేసిన యాప్ ఫైలుని స్నేహితులకు పంపి ఇన్‌స్టాల్ చేయించొచ్చు. తను రాసిన పిచ్చి ఆటను పక్క బెంచీవాడి ఫోన్లో నడిపించే అవకాశం ఇప్పటికి అక్కడే మిగిలింది. ఆ దారికి గేటు పెడతామని 2025 ఆగస్టులో గూగుల్ ప్రకటించింది. తను సర్టిఫై చేసిన ఆండ్రాయిడ్ ఫోన్లలో, తమ దగ్గర గుర్తింపు నమోదు చేసుకున్న డెవలపర్ల యాప్‌లే మామూలు పద్ధతిలో ఇన్‌స్టాల్ అవుతాయని చెప్పింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లతో మొదలుపెట్టి 2027 నుంచి మిగతా దేశాలకు విస్తరిస్తామంది. అభ్యంతరాలు వచ్చాక, తెలిసినవాళ్ల కోసం ఒక పక్కదారి ఉంచుతామనీ, విద్యార్థులకు వేరే రకం ఖాతాలు ఇస్తామనీ అంది. ఆ పక్కదారి ఎంత వెడల్పుగా ఉంటుందో, పదో తరగతి పిల్లలకు అందులోంచి పట్టేంత చోటు ఉంటుందో లేదో, అమలయ్యాక చూడాలి.